నామకరణమును పిలుపును

ఆంధ్రదేశమున శిశువునకు పేరిడుట యొక కార్యము. ఆ పేరుతో పిలుచుట మఱియొక కార్యము. మొదటిదానికి ముహూర్తము కలదు, పురోహితుఁడు కలఁడు, బంధుజనము సాక్షిగా నుండును. పళ్ళెరమున బియ్యము పఱచి తండ్రి యుంగరముతో నామాక్షరములు వ్రాయును. రెండవదానికి ముహూర్తము లేదు, సాక్షియు లేఁడు. ఉయ్యెలయొద్ద నెవరో యొకరు నోటికి వచ్చిన రెండక్షరములతో పిలుతురు. మఱునాఁడు ఇంటివారందఱును అట్లే పిలుతురు. ఏడాది తిరుగునప్పటికి బియ్యమున వ్రాసిన పేరు జాతకచక్రమునందును జననపత్రమునందును మాత్రమే మిగులును. విశ్వనాథుఁడు విస్సుగను, శ్రీనివాసుఁడు శీనుగను, రాజరాజేశ్వరి రాజిగను మాఱుట యిట్లే.

ప్రాచీనమును అర్థవంతమును అగు నొక నామమును ఆలోచించి యెన్నుకొనిన తల్లిదండ్రులకు ఈ మార్పు కష్టముగా నుండుట సహజము. అట్టివారు సాధారణముగా నవలంబించు నుపాయము నిషేధము. 'మా పిల్లవానిని అట్లు పిలువవలదు' అని బంధువులకు చెప్పుదురు. ఆ మాట పది దినములు నిలుచును. పదునొకండవ దినమున పాతపిలుపే వినవచ్చును. ఏలయన నామమును కుదించుట యాదృచ్ఛికము కాదు. దానికి వ్యాకరణము కలదు, కులాచారము కలదు, ప్రేమ కలదు, ఒక్కొక్కచోట తిరస్కారమును కలదు. కారణ మెఱుఁగక నిషేధించుట కాలువకు అడ్డముగా గుప్పెఁడు మట్టి వేయుట వంటిది. కాఁబట్టి కుదింపు ఏ మార్గమున వచ్చుచున్నదో మొదట విచారించి, పిమ్మట పూర్ణనామమును నిలుపుకొను విధమును నిర్ణయించుట యుక్తము.

శాస్త్రమర్యాద

ఆంధ్రులలో పెక్కు వైదికకుటుంబములకు అనుసరణీయమైన ఆపస్తంబగృహ్యసూత్రము పదవ దినమున తల్లిదండ్రు లిరువురును పేరిడవలెనని చెప్పుచున్నది. పురుషనామము రెండక్షరములదిగాని నాలుగక్షరములదిగాని కావలెననియు, ఆదియందు ఘోషవర్ణమును నడుమ అంతస్థమును ఉండవలెననియు, స్త్రీనామమున అక్షరసంఖ్య బేసిగా నుండవలెననియు దాని విధి. 'సు' అను నుపసర్గ గల నామము ప్రతిష్ఠ గలదని యందే కలదు. మనువు స్త్రీనామమును గూర్చి చెప్పుచు, అది సుఖముగా నుచ్చరింపఁదగినదియు, క్రూరార్థము లేనిదియు, స్పష్టార్థము గలదియు, మనోహరమును మంగళకరమును దీర్ఘాంతమును ఆశీర్వాదసూచకమును కావలె ననెను. పతంజలి మహాభాష్యమున పస్పశాహ్నికమునందు యాజ్ఞికుల మతమును చూపుచు, పుత్రుని పేరు మూఁడు తరముల పూర్వుల పేరు ననుసరించునది కావలెననియు, కృదంతమే కాని తద్ధితాంతము కారాదనియు తెలిపెను. వ్యాకరణము చదువనివానికి కృత్తద్ధితభేదము తెలియదు గనుక పేరిడుటకైనను వ్యాకరణము కావలయు నని యాతని తాత్పర్యము.

ఈ విధులలో అక్షరసంఖ్యయు ఉచ్చారణసౌఖ్యమును ప్రకృతమునకు ముఖ్యములు. ప్రాచీనులు పేరును వ్రాఁతకొఱకు కాక నోటికొఱకు ఏర్పఱచిరి. రెండు నాలు గక్షరముల నియమము పిలుచువాని శ్వాసను కొలిచి చేసిన నియమమువలె నున్నది. ఇప్పటి వాడుకలో సత్యనారాయణ యను పేరు ఆఱక్షరములు. వేంకటసుబ్రహ్మణ్యేశ్వర యనునది తొమ్మిది. దానిపై రావు గాని శాస్త్రి గాని శర్మ గాని చేరును. ఎన్నుకొనునాఁడు కొలఁత నతిక్రమించి, పిదప కుదించినందులకు ముసలమ్మ నోటిని నిందించుట న్యాయము కాదు.

ఆ సూత్రముననే మఱియొక విశేషము కలదు. నక్షత్రనామమును వేఱుగా నిర్దేశించి దానిని రహస్యముగా నుంచవలెనని యందు చెప్పఁబడినది. అనఁగా ఒక మనుష్యునకు ఒకటికంటె నెక్కువ పేరు లుండుట కొత్త కాదు. ఒకటి గోప్యము, ఒకటి వ్యవహార్యము. కాని వ్యవహారమునకు నిర్ణయించిన పేరు వ్యవహారమున నుండవలెననుటయే శాస్త్రాభిప్రాయము. నేఁడు అనేకగృహములయందు వ్యవహారనామమే రహస్యనామమై పోయినది. ప్రక్కయింటివారికి తెలిసినది పిలుపుపేరు మాత్రమే.

పాణినీయమున కుదింపు

కుదింపు నవీనుల యలవాటని తలఁచువారు పాణిని సూత్రములను చూడవలెను. అష్టాధ్యాయి పంచమాధ్యాయమున తృతీయపాదమునందు అనుకంపార్థమున ప్రత్యయములు విధింపఁబడినవి. పెక్కు అచ్చులుగల మనుష్యనామముపై ఆ ప్రత్యయములు చేరునపుడు రెండవ అచ్చునకు పైనున్న భాగము లోపించును. దేవదత్తుఁడు దేవికుఁడు, దేవియుఁడు, దేవిలుఁడు అగుట యిట్లే. ప్రత్యయము లేకయే పూర్వపదముగాని ఉత్తరపదముగాని లోపించు నని వార్తికము. దేవదత్తుని దత్తుఁ డనవచ్చును, దేవుఁ డనవచ్చును. సత్యభామను భామ యనుట మహాభాష్యమున చూపఁబడిన యుదాహరణమే.

ఆ యుదాహరణము తెలుఁగువారికి మిక్కిలి పరిచితము. నంది తిమ్మన పారిజాతాపహరణమున నాయిక సత్య. కూచిపూడివారి కలాపమున నామె భామ. సిద్ధేంద్రయోగి పేరుతో ప్రసిద్ధమైన యా కలాపమునకు భామాకలాప మనియే పేరు. ఒక్క నామముయొక్క రెండు ఖండములును రెండు పూర్ణనామములవలె సాహిత్యమున నిలిచినవి. వానివలన సత్యభామ యను పేరునకు లోపము కలుగలేదు. కారణము స్పష్టము. రెండు ఖండములును అర్థవంతములగు పదములు. రెండును ఆమె గౌరవమును తగ్గింపవు. శ్రీనివాసుని 'వాసు' అనుటయు, వేంకటరమణుని 'రమణ' యనుటయు ఈ వార్తికమార్గముననే జరుగుచున్నవి.

ఇచట గమనింపవలసిన దింకొకటి కలదు. పాణిని ఈ కుదింపునకు చెప్పిన యర్థము అనుకంప, అనఁగా దయతోఁ గూడిన వాత్సల్యము. ఆ యర్థము లేనిచోట ఆ ప్రత్యయమునకు ప్రవృత్తి లేదు. అందువలన కుదించి పిలుచుట కధికారము వాత్సల్యము గలవానికే. తల్లి పిలిచిన పిలుపును బజారువాఁడు పిలిచినచో శబ్ద మొక్కటియే యైనను అర్థము వేఱగును. అవాంఛితమైన కుదింపు అనఁగా అర్థము తొలఁగి శబ్దము మిగిలిన కుదింపే.

తెలుఁగు మార్గములు

తెలుఁగున కుదింపు కొన్ని నియతమార్గములయందు నడచుచున్నది.

మొదటిది ద్విత్వము. సంస్కృతసంయుక్తము తొలఁగి ఆ స్థానమున ద్విత్వాక్షరము వచ్చును. సుబ్రహ్మణ్య శబ్దమునకు సుబ్బ, లక్ష్మికి లచ్చి, విశ్వనాథునకు విస్సన్న, సత్యమ్మకు సత్తెమ్మ, కృష్ణయ్యకు కిట్టయ్య. రెండవది ఇకారాంతము. వెంకి, రామి, సుబ్బి, రాజి. మూఁడవది ఉకారాంతము. రాము, శీను, వాసు, చందు, విస్సు. నాలుగవది అనుస్వారాంతము. వేంకటేశ్వరుఁడు వేంకటేశం, సత్యనారాయణ సత్యం, రాజ్యలక్ష్మి రాజ్యం. ఐదవది లువర్ణాంతము. రాములు, సుబ్బులు, సీతాలు. ఇటీవలివారు ఆంగ్లపు వాసన గల ఈకారమును చేర్చి విక్కీ, లక్కీ యని పిలుచుచున్నారు. పేరునందలి పదముల మొదటి యక్షరములను ఇంగ్లీషున పలుకుటయు కుదింపులో నొక భేదమే. నందమూరి తారకరామారావు (1923–1996) పేరు పెద్దలు పెట్టిన చక్కని పూర్ణనామము. లోకమున నెక్కువగా వినవచ్చునది 'ఎన్టీఆర్' అను మూఁడు పరభాషాక్షరములు.

ఈ కుదించిన రూపములపై అన్న, అయ్య, అప్ప, అమ్మ, అక్క యను బంధువాచకములు చేరును. తిక్కన, ఎఱ్ఱన, పెద్దన, తిమ్మన యను కవినామములు అన్నశబ్దము చేరినవి. అన్నమయ్య యందు అయ్య యున్నది. తాళ్ళపాక తిమ్మక్క యందు అక్క యున్నది. మఱియొక ప్రక్క గాఁడు అను ప్రత్యయము కలదు. సుబ్బ యను నొక్క కుదింపునుండి సుబ్బయ్య, సుబ్బన్న, సుబ్బారావు, సుబ్బమ్మ, సుబ్బి, సుబ్బిగాఁడు అను నిన్ని రూపములు వెలువడును. వీనిని వరుసగా చదివినచో ఒక సత్యము గోచరించును. గౌరవమునో తిరస్కారమునో నిర్ణయించునది కుదింపు కాదు, దానిపై చేరిన ప్రత్యయము. సుబ్బన్న పూజ్యుఁడు, సుబ్బిగాఁడు పాలికాపు.

ఈ భేదము భాషలో నుండి పుట్టినది కాదు, సంఘములో నుండి పుట్టినది. భూవసతి గలవాఁడు రామయ్యయు, అతని పొలము దున్నువాఁడు రామిగాఁడును అగుట తెలుఁగుపల్లెలయందు చిరకాలము చెల్లిన మర్యాద. ఇరువురకును పేరిచ్చిన దైవ మొక్కఁడే. పూర్ణనామముతో పిలువఁబడుట కొందఱి సొత్తుగను, ముక్కలైన పేరుతో పిలువఁబడుట మఱికొందఱి రాఁతగను సాగినది. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో ప్రకటించిన మాలపల్లి నవలయందు మాలకుటుంబపు పెద్ద రామదాసు, అతని కుమారుఁడు సంగదాసు. ఆ పేళ్ళు గాఁడుతో ముగియక దాసుతో ముగియుట చిన్నవిషయము కాదు. పూర్ణనామమును కాపాడుకొనవలె ననుకోరిక డాంబికులకే చెల్లునని యెవరైన ననినచో ఈ చరిత్రయే సమాధానము.

కుదించిన రూపమే కాలక్రమమున పూర్ణనామ మగుటయు కలదు. అహోబిలస్వామి రాయలసీమలో ఓబులేశుఁడై భక్తులకు ఓబులేసు, ఓబయ్య యను పేళ్ళ నిచ్చెను. సింహాచలస్వామి అప్పన్నయై ఉత్తరాంధ్రమున అప్పలస్వామి, అప్పలనాయుఁడు అను పేళ్ళకు మూలమయ్యెను. తెలంగాణమున యాదగిరి యాదయ్య యయ్యెను. ఈ పేళ్ళను సంస్కృతమునకు మరల సవరింపవలె ననుట భాషాచరిత్ర నెఱుఁగని మాట. అవి కుదింపులు కావు, నామములే. ఓబయ్య యని పేరిడఁబడిన వానికి ఓబయ్యయే పూర్ణనామము. కాపాడవలసినది సంస్కృతరూపమును కాదు, ఇడిన రూపమును.

కుదింపునకు కారణములు

మొదటి కారణము పైని చెప్పిన దైర్ఘ్యము. రెండవది బలవత్తరమైనది, నామగ్రహణనిషేధము. శ్రేయస్సు కోరువాఁడు తన పేరును, గురువు పేరును, జ్యేష్ఠసంతానము పేరును, భార్య పేరును ఉచ్చరింపరాదని ప్రసిద్ధమైన స్మృతివచనము. ఆంధ్రస్త్రీలు భర్త పేరును, అత్తమామల పేళ్ళను నోటఁ బలుకకుండుట దీనికి తోడైన యాచారము. పెండ్లిలో వధూవరులచే గుమ్మమునొద్ద ఒకరి పే రొకరిచే చెప్పించు వేడుక ఆ నిషేధముయొక్క బలమును తెలుపుచున్నది. చెప్పరాని దానిని ఒక్కసారి చెప్పించుటయే యా వేడుకలోని రుచి.

ఇఁక పౌత్రునకు తాతపే రిడుట మూఁడు తరముల యనుసరణమును చెప్పిన యాజ్ఞికుల మతమునకును లోకాచారమునకును సమ్మతము. దాని ఫలమును విచారింపుఁడు. ఆ పేరు నాయనమ్మకు భర్తపేరు. తల్లికి మామగారి పేరు. శిశువును రాత్రింబవళ్ళు ఎత్తుకొని యుండు నిరువురు స్త్రీలును ఆ పేరును పలుకఁజాలరు. బాలుఁడు జ్యేష్ఠుఁడైనచో స్మృతివచనము తండ్రినోటిని గూడ కట్టివేయును. కాఁబట్టి అబ్బాయి, బాబు, నాన్న, చంటి, బుజ్జి యను పిలుపులు పుట్టుట అనివార్యము. గౌరవార్థము పెట్టిన పేరు గౌరవార్థమే పలుకఁబడక లుప్త మగుచున్నది.

మూఁడవ కారణము ఒకే పేరు పెక్కురకుండుట. ఒక తాతకు నలుగురు కొడుకులున్నచో నలుగురి జ్యేష్ఠపుత్రులకును ఆ తాతపేరే రావచ్చును. వారిని పెద్ద, చిన్న, బుల్లి యను విశేషణములతో వేఱుచేయుదురు. పదుమూఁడవ శతాబ్దమున నెల్లూరిసీమలో ఒకే వంశమునందు ఇరువురు తిక్కన లుండఁగా, కత్తి పట్టినవాఁడు ఖడ్గతిక్కనయు, యాగము చేసినవాఁడు తిక్కనసోమయాజియు ననిపించుకొనిరి. ఇచట విశేషణము గుణమునుండి వచ్చినది గనుక కీర్తియైనది. అవయవలోపమునుండియో రంగునుండియో వచ్చిన విశేషణము జీవితాంతము గాయమగును.

నాలుగవది వాత్సల్యము. ఐదవది దృష్టిదోషభయము. పుట్టినబిడ్డలు నిలువని యింట శిశువునకు పెంటయ్య, భిక్షమయ్య యని యుద్దేశపూర్వకముగా తక్కువపేళ్ళు పెట్టుదురు. మృత్యువునకు కంటగింపు కాకుండుటయే వాని ప్రయోజనము. ఐతరేయబ్రాహ్మణమున ఒక ఋషిపుత్రులు మువ్వురకును కుక్కతోఁకయను అర్థముగల పేళ్ళే యున్నవి. వారిలో శునశ్శేపుఁడు నడిమివాఁడు. అట్టి పేళ్ళను విని నవ్వుట తగదు. వాని వెనుక ఒక తల్లి భయ మున్నది. ఆఱవది తిరస్కారము. పైకారణము లన్నిటికిని ఉపాయములు కలవు. దీనికి మాత్రము ప్రతిఘటనయే యుపాయము.

బడి పట్టిక

పిలుపుపేరు ఇంటిలోనే యున్నంతవఱకు హాని స్వల్పము. అది వ్రాఁతలోనికి ఎక్కినపుడు హాని స్థిరమగును. బాలుని బడిలో చేర్చునాఁడు వెంట వచ్చిన మేనమామయో పొరుగువాఁడో తమకు తెలిసిన పిలుపునే చెప్పఁగా, ఉపాధ్యాయుఁడు దానినే బడి రిజిస్టరునందు వ్రాయుట పల్లెటూళ్ళలో తఱచుగా జరిగినది. ఆ పేరే పరీక్షాపత్రమున కెక్కి, ఉద్యోగమున కెక్కి, చివరకు ఆస్తిపత్రములోని పేరునకును దీనికిని పొంతన లేక ఇరువురును ఒక్కఁడే యని ప్రమాణపత్రములు వ్రాయించుకొనవలసి వచ్చును. లచ్చి యని వ్రాయఁబడిన మహాలక్ష్మి తన పేరును తాను తిరిగి సంపాదించుకొనుటకు కచ్చేరుల చుట్టు తిరుగవలసినదే.

ఈ విషయమున చట్టము కొంత సాయము చేయుచున్నది. 1969వ సంవత్సరపు జననమరణ నమోదు చట్టము శిశువునకు పేరు నిర్ణయింపక ముందే జననమును నమోదు చేయుట కనుమతించి, పేరును తరువాత చేర్చుటకు అవకాశ మిచ్చినది. పండ్రెండు నెలలలోపల రుసుము లేకయే పేరు వ్రాయించవచ్చును. పిమ్మట రుసుముతో పదునైదేండ్లవఱకు గడువు కలదు. 2023వ సంవత్సరపు సవరణము అదే సంవత్సరము అక్టోబరు 1వ తేదినుండి అమలులోనికి రాఁగా, ఆ దినమునను తరువాతను పుట్టినవారికి బడిలో చేరుట మొదలగు పనులకు జననపత్రమే ప్రమాణమైనది. కావున తొందరపడి పిలుపుపేరును నమోదు చేయించుటయు, ఆలసించి మఱచుటయు రెండును తగవు. బారసాలనాఁటి పేరే అక్షరము తప్పక పత్రమున కెక్కవలెను.

కాపాడుకొను విధము

మొదటిది ఎన్నుకొనునాఁటి పరీక్ష. పేరును వ్రాసి చూచుట చాలదు, పిలిచి చూడవలెను. దూరమునుండి పిలుచునపుడు చివరి స్వరము ప్లుతమగునని పాణినీయవిధి. తెలుఁగునను సంబోధనమున అంత్యాచ్చు దీర్ఘమగును: రామా, కృష్ణా, సీతా, మాధవా, సావిత్రీ. అంత్యమునకు చేరకమునుపే శ్వాస తఱుగు పేరు నడుమనే తెగును. పెరటిలో నిలిచి వీథిలోని బాలుని పిలుచునట్లు ఆ పేరును పదిసార్లు బిగ్గరగా పిలిచినచో అది యెచట తెగునో చెవికే తెలియును. తెగని పేరు కుదింపఁబడదు. సావిత్రి, గాయత్రి, మాధవ, గోపాల, కేశవ వంటి పేళ్ళు మూఁడక్షరములతో సుఖోచ్చారణము గలవై కాలమున కాగి నిలిచినవి. వీనినైనను కుదించువారు లేకపోరు. కాని వీనియందు కుదింపునకు నిర్బంధము లేదు.

రెండవది, దీర్ఘనామమే పెట్టవలసివచ్చినచో పిలుపును గూడ ఆనాఁడే నిర్ణయించుట. వార్తికకారుఁడు చూపిన మార్గమున పూర్వపదమునో ఉత్తరపదమునో అర్థము చెడకుండ గ్రహింపవలెను. సత్యనారాయణను నారాయణ యనియు, వేంకటరమణను రమణ యనియు, అన్నపూర్ణను పూర్ణ యనియు, అలివేలుమంగను మంగ యనియు పిలుచుట యిట్టిది. పిలుపు లేనిచోటనే అవాంఛితమైన పిలుపు చొచ్చును. ఖాళీగా నున్న పీటపై ఎవరైనను కూర్చుందురు.

మూఁడవది తాతపేరును గూర్చినది. నాయనమ్మయు తల్లియు పలుకఁదగిన రెండవ పదమును ఆ పేరునకు చేర్చుట ప్రాఁతమర్యాదయే. తాత రామయ్య యైనచో మనుమఁడు శివరాముఁడు కావచ్చును. స్త్రీలు శివ యని పిలువవచ్చును, పురుషులు పూర్ణముగా పిలువవచ్చును. తాతకును లోపము లేదు, మనుమనికిని లేదు. ఇట్లు చేయక తాతపేరునే యుంచి స్త్రీలను తప్పుపట్టుట, వారి గౌరవభావమునే దోషముగా నెంచుట యగును. నేఁడు ఈ నిషేధమును పాటింపని యిండ్లును పెక్కు కలవు; అట్టిచోట ఈ చిక్కే లేదు.

నాలుగవది పెద్దలతో మాటలాడు తీరు. కోడలు అత్తగారికి ఇట్లు పిలువుఁడని చెప్పుట మర్యాద కాదు, చెప్పినను ఫలింపదు. కొడుకు తల్లితో పేరుయొక్క యర్థమును, దానిని పెట్టుటకు కారణమును చెప్పి, 'నీ నోట ఈ పేరు వినవలెనని యున్న' దని యడిగినచో ఏ తల్లియు కాదనదు. ఇతరులు కుదించినపుడు కోపింపక, వెంటనే తాము పూర్ణనామముతో పలుకుటయే సవరణము. కోపము చూపిన పిలుపు పిల్లల గుంపులో మఱింత దృఢమగును. దానికి ఎగతాళి చేరును.

ఐదవది బాలునకే తన పేరు నేర్పుట. ప్రవర చెప్పుకొను సంప్రదాయమున వటువు గోత్రముతో కూడ తన పూర్ణనామమును తానే స్పష్టముగా చెప్పుకొనును. ఆ సంప్రదాయము లేని యిండ్లలోను ఈ యలవాటు చేయవచ్చును. తన పేరునకు అర్థ మెఱిఁగిన బాలుఁడు 'నీ పేరేమి' యని యడిగినపుడు పిలుపుపేరు చెప్పఁడు. అనసూయ యనఁగా అసూయ లేనిదని తెలిసిన బాలిక ఆ నాలుగక్షరములను విడువదు.

ఆఱవది ఉపాధ్యాయుల యధీనము. బాలుఁడు తన పేరును ప్రతిదినమును సంపూర్ణముగా వినఁగల స్థానము హాజరు పిలుచునపుడు బడియే. ఇంటిలో స్త్రీలు పలుకరాని పేరును, వీథిలో సంగాతులు కుదించిన పేరును, పండితుఁడు దినమున కొకసారి నిర్దుష్టముగా నుచ్చరించును. అచటను గాఁడు ప్రత్యయము వినఁబడినచో, పొడియక్షరములు మాత్రమే వినఁబడినచో, బాలునకు తన పేరు వినవచ్చుచోటు మఱి లేదు. పేదయింటి బాలునకును ధనికుని బాలునకును ఒకే తీరున సంపూర్ణనామముతో హాజరు పిలుచుట ఉపాధ్యాయుఁడు చేయఁగల సంస్కారములలో ఖర్చు లేనిది.

ఒక యాక్షేపము

ముద్దుపేళ్ళను సర్వమును నిషేధించుట కఠినము కాదా యని యాక్షేపింపవచ్చును. నిజమే, అట్టి నిషేధ మిచట విధింపఁబడుట లేదు. అనుకంపను శాస్త్రమే యంగీకరించినది. తల్లి యొడిలో బుజ్జి యనిపించుకొనుట ఏ బాలునకును అవమానము కాదు. చేయవలసినది హద్దు నిర్ణయించుటయే. ముద్దుపేరు గడపలోపలిది, పూర్ణనామము గడపవెలుపలిది. ఆ హద్దు నెఱిఁగిన యింట రెండును సుఖముగా నుండును.

మఱియొకటి. పేరు చివరకు ఎవరిదో దానిని ధరించినవానిది. గుడిపాటి వెంకటచలము (1894–1979) లోకమునకు చలముగను, శ్రీరంగము శ్రీనివాసరావు (1910–1983) శ్రీశ్రీగను నిలిచిరి. ఆ కుదింపులు వారు స్వీకరించినవి. వానివలన వారి కీర్తి తఱుఁగలేదు. యుక్తవయస్సు వచ్చిన కుమారుఁడు గాని కుమార్తె గాని ఒక పిలుపును తానే కోరుకొనినచో తల్లిదండ్రులు దానిని అంగీకరింపవలెను. ఒక పిలుపు తనకు బాధగా నున్నదని శిశువే చెప్పినచో, అది ఎంత ముద్దుగా మొదలైనదైనను, ఆ దినమే దానిని విడువవలెను. అనుకంప యున్నదో లేదో చెప్పఁగలవాఁడు పిలువఁబడువాఁడే గాని పిలుచువాఁడు కాఁడు.

కాఁబట్టి పూర్ణనామరక్షణ మనఁగా ఇతరుల నోళ్ళను కట్టుట కాదు. పలుకఁదగిన పేరు నెన్నుకొనుట, దానికి తగిన పిలుపు నేర్పఱచుట, వ్రాఁతలో తప్పకుండుట, బాలునకు దాని యర్థము తెలుపుట, తాము ప్రతిదినమును దానిని పలుకుట — ఇంతయే. ప్రాచీననామములు కోశములయందు భద్రముగానే యున్నవి. అచట వానికి భయము లేదు. అవి క్షయించుటయు నిలుచుటయు ఇంటిలో పిలుచువారి నోళ్ళయందే.